ట్రంకుపెట్టెలో అట్టలు: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 7, శనివారం

మొదటి పెద్ద వానకే అటక గోడ చెమ్మెక్కింది. ట్రంకుపెట్టె అడుగున చెయ్యి పెట్టి చూస్తే చల్లగా తగిలింది. "సంక్రాంతి సెలవుల్లో సర్దుతా" అంటూ పదేళ్లుగా దాటేస్తున్న పని ఇవాళ నెత్తి మీదికి వచ్చి కూర్చుంది.

మొత్తం సామాను రెండు ట్రంకులు, ఒక సూట్‌కేసు. ట్రంకుల్లో ఉన్నవి 1988 నుంచి పదేళ్ల పాటు ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్‌ల మీద ఏరుకున్న సూపర్‌హీరో కామిక్స్. సూట్‌కేసులోవి న్యూజెర్సీలో ఉద్యోగం చేసిన ఐదేళ్లలో, ఏది తీసినా డాలరే అని షాపుల్లో పెట్టే డబ్బాల్లో వెతికి తెచ్చుకున్నవి. తిరిగొచ్చేటప్పుడు 23 కిలోల లెక్కలో మా ఆవిడ చీరలకూ వీటికీ జరిగిన యుద్ధం వేరే కథ. హాల్లో చాప పరిచి లెక్కపెడితే 386.

ప్లాన్ సింపుల్. ప్రతి అట్టనీ స్కాన్ చెయ్యాలి, ఎక్సెల్‌లో ఎక్కించాలి, కొత్త కవర్లో పెట్టాలి. ఎక్సెల్‌లో గడులు: పేరు, సంచిక, నెల, ధర, అట్ట గీసినవాళ్లు, ఎక్కడ కొన్నాను, దెబ్బలు. స్కానర్ మా అమ్మాయిది, అంటే దాని స్కూల్ ప్రాజెక్టులకని కొన్నది. తొమ్మిదో తరగతి. "గంటకి ఎంత ఇస్తావ్ నాన్నా?" అంది. పని ముగిశాక ఒక బిర్యానీ, రెండు సినిమాలకి బేరం కుదిరింది.

ఒక్కటే రూలు పెట్టుకున్నాను: లోపలి పేజీలు చదవకూడదు. ఇరవై నిమిషాల్లో అది గాలికి పోయింది.

జూన్ 8, ఆదివారం

మొదటి ట్రంకు తెరవగానే కలరా ఉండల వాసన. పైవరసలో కామిక్స్ ఒక్కటీ కనబడలేదు, అన్నీ బ్రౌన్ పేపర్లే. మా అమ్మ ప్రతి దానికీ స్కూలు పుస్తకాలకి వేసినట్టే అట్ట వేసింది. మధ్యలో లేబుల్. పేరు, ఆరవ తరగతి, బి సెక్షన్. సబ్జెక్టు ఎదురుగా అమ్మ గుండ్రటి చేతిరాతలో "ఇంగ్లీష్ నాన్ డీటెయిల్డ్".

నాన్నకి బొమ్మల పుస్తకాలంటే మంట. ఆయన రైల్వేలో డ్యూటీ దిగి వచ్చేసరికి నా బల్ల మీద నాన్ డీటెయిల్డ్ పుస్తకాలు మాత్రమే ఉండేవి. ఒక పిల్లాడికి ఏడాదికి ముప్పై నాన్ డీటెయిల్డులు ఎందుకని ఆయన ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయనకి తెలిసే ఉంటుంది.

బ్రౌన్ పేపర్ కింద ఉన్న అసలు అట్టలు మాత్రం నిన్న అచ్చేసినట్టున్నాయి. వెలుతురు తగలక ఎరుపు ఎరుపుగానే ఉంది. గొడవంతా మడతల దగ్గర. బ్రౌన్ పేపర్ని లోపలికి మడిచి అంటించిన చోటల్లా పుస్తకాల పురుగు సన్నటి జల్లెడలా తినేసింది. సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను.

"బంక దేంతో చేసేదానివమ్మా?"

"బంకేంట్రా, అన్నం మెతుకులు. మైదా ఉడికించాలంటే మళ్ళీ కిరసనాయిలు దండగ."

"అవి పురుగులు తిన్నాయి."

"ముప్పై ఐదేళ్లు దాచి ఇప్పుడా చూసేది? ఇంకా ఉన్నాయా అవి అసలు?"

బ్రౌన్ పేపర్లు తీసేయాలా వద్దా అని చాలాసేపు ఊగిసలాడాను. ఆ కాగితంలోనూ బంకలోనూ ఆమ్లం ఉంటుంది, అంటుకుని ఉన్నంతకాలం అట్టని పసుపు చేస్తూనే ఉంటుంది. తీసేశాను. లేబుళ్లున్న ముక్కలు కత్తిరించి వేరే ఫైల్లో పెట్టాను. ఇవాళ అయినవి పదకొండు.

జూన్ 14, శనివారం

కొత్త కవర్ల కోసం బేగంబజార్ వెళ్లాను. కామిక్స్ కోసమే చేసే సంచులు, బోర్డులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కానీ 386కి లెక్క వేస్తే గుండె ఆగింది. రెడీమేడ్ షర్టులు పెట్టి అమ్మే పారదర్శకమైన పాలీప్రొపిలీన్ కవర్లు కిలో లెక్కన తెచ్చాను. కొలత సరిపోయింది. ఒక్క చిక్కు: మూత మీద గమ్ పట్టీ ఉంటుంది. పుస్తకం బయటికి తీసేటప్పుడు ఆ పట్టీ అట్టకి తగిలిందా, రంగుతో సహా ఊడొస్తుంది. నాలుగు పాత వారపత్రికల మీద ప్రయోగం చేసి, పట్టీని కత్తిరించేసి మామూలు టేపుతో వెనకవైపు మూయడమే మేలని తేల్చుకున్నాను. వెనక పెట్టే అట్టముక్కకి ముందు ప్రింటింగ్ ప్రెస్సులో దొరికే డూప్లెక్స్ బోర్డు అనుకున్నాను. ఆ బూడిదరంగు వీపు చూసి వద్దనుకుని, దానికి మాత్రం డబ్బు పెట్టి ఆసిడ్ లేని బోర్డు తెప్పించాను.

మధ్యాహ్నం స్కానింగ్. కామిక్ కొలత సుమారు ఆరు ముప్పావు అంగుళాలు, పది పావు. ఏ4 గాజు మీద హాయిగా పడుతుంది. 600 డీపీఐలో స్కాన్ చేసి పెద్దది చేస్తే అమ్మాయి ఒక్కసారిగా ముందుకి వంగింది.

"నాన్నా, ఇదంతా ముగ్గు!"

నిజమే, చుక్కలే. హల్క్ చర్మం ఆకుపచ్చ కాదు, నీలం చుక్కల పక్కన పసుపు. దూరం నుంచి చూసే కంటికి ఆకుపచ్చ. అసలు 1962 మేలో వచ్చిన మొదటి సంచికలో హల్క్ బూడిద రంగువాడు. ఆ నాలుగు రంగుల అచ్చులో బూడిద రంగు పేజీకో తీరుగా పడటంతో రెండో సంచికకల్లా ఆకుపచ్చ చేసేశారు. ప్రెస్సులో కుదరని రంగు ఒక హీరోకి చర్మం మార్చేసింది.

ముప్పై నాలుగు స్కాన్లు బాగా వచ్చాయి. తర్వాత 1992 స్పైడర్‌మ్యాన్ వంతు. ఆ పాత్రకి ముప్పై ఏళ్లయిన సందర్భంగా నాలుగు సిరీస్‌ల అట్టల మీద హోలోగ్రామ్ అతికించారు, వాటిలో ఒకటి నా దగ్గరుంది. స్కానర్‌కి అది కారునలుపు పలక. 1991 సిల్వర్ సర్ఫర్ 50వ సంచిక వెండి రేకు అట్ట కూడా అంతే, ఒళ్లంతా వెండి ఉండాల్సినవాడు బొగ్గులో పొర్లి వచ్చినట్టున్నాడు. కిటికీ పక్కన నిలబెట్టి, ఫోన్ కెమెరాని ఏటవాలుగా పట్టి, తెల్ల చార్టు పేపర్ అడ్డం పెట్టి తీస్తే కొంత నయం. ఒక్కోదానికి పావుగంట. తొంభైల్లో రేకు లేని అట్ట కొనడానికి ఎందుకంత నామోషీ పడ్డామో!

జూన్ 15, ఆదివారం

ఇవాళ బొమ్మలు పక్కన పెట్టి అట్టల అంచులే చూశాం. అమ్మాయికి కుడివైపు పైన ఉన్న చిన్న గుర్తు మీద కన్ను పడింది. "పోస్టల్ స్టాంప్ ఎందుకు వేశారు?"

చూడటానికి స్టాంపే. అమెరికాలో కామిక్స్ వ్యాపారులే పెట్టుకున్న సెన్సార్ ముద్ర అది, కామిక్స్ కోడ్. మన సినిమాకి ముందు పడే సర్టిఫికెట్ లాంటిదే, కాకపోతే ఇది ప్రభుత్వం పెట్టింది కాదు. 1954 ఏప్రిల్‌లో సెనేట్ సబ్‌కమిటీ ముందు ఒక హారర్ కామిక్ అట్టని పట్టుకుని నిలదీశారు. దాని మీద ఒక చేతిలో గొడ్డలి, ఇంకో చేతిలో తెగిన ఆడమనిషి తల. ఇది సభ్యతేనా అని సెనేటర్ కెఫావర్ అడిగితే, హారర్ కామిక్ అట్టకి సభ్యతే, తలని ఇంకాస్త పైకెత్తి రక్తం కారడం చూపిస్తే అసభ్యత అని ప్రచురణకర్త విలియం గేన్స్ జవాబిచ్చాడు. ఆ జవాబు విన్నాక ఎవరికి జాలి కలుగుతుంది? అదే ఏడాది కోడ్ వచ్చింది. ఆ స్టాంపు లేని కామిక్‌ని పంపిణీదారులు తాకేవారు కాదు. అక్కడి పెద్ద ప్రచురణ సంస్థల్లో మార్వెల్ 2001లో, డీసీ 2011లో దాన్ని వదిలేశాయి.

ఎడమవైపు కింద ఇంకో గడి. కొన్నింటి మీద బార్‌కోడ్, కొన్నింటి మీద అదే గడిలో స్పైడర్‌మ్యాన్ ముఖం. చిన్నప్పుడు ముఖం ఉన్నవి స్పెషల్ అని ఫ్రెండ్స్‌కి రెండింతల ధరకి మార్చుకునేవాణ్ణి. సంగతేంటంటే బార్‌కోడ్‌వి న్యూస్‌స్టాండ్‌కి, అంటే మామూలు పత్రికల కొట్లకి వెళ్లినవి, అమ్ముడుపోకపోతే వెనక్కి పంపొచ్చు. ముఖం ఉన్నవి కామిక్స్ షాపులకి, వాపసు లేకుండా వెళ్లినవి. మా ఎక్సెల్‌లో వడపోసి చూస్తే ఆబిడ్స్‌లో కొన్నవి దాదాపు అన్నీ బార్‌కోడ్‌వి, న్యూజెర్సీవి దాదాపు అన్నీ ముఖంవి. ఏది ఏ దారిన నా దగ్గరికి వచ్చిందో ఆ చిన్న గడే చెప్పేస్తోంది.

ధరల గడి చదువుతుంటే కిరాణా చిట్టీ చూసినట్టుంది. అరవైల్లోవి 12 సెంట్లు, 1972వి 20, డెబ్బైల చివర మార్వెల్ వాళ్లు "ఇప్పటికీ 35 సెంట్లే" అని అట్ట మీద గొప్పగా వేసుకున్నారు. ఎంతో కాలం నిలవలేదు ఆ గొప్ప. కొన్నింటి మీద పెన్నీల ధర, ఇంగ్లండ్‌కి పంపడానికి అదే ప్రెస్సులో ధర పలక మార్చి అచ్చేసినవి. ఆబిడ్స్‌లో కొన్నవాటి మీద అడ్డంగా పెన్సిల్‌తో ఆబిడ్స్ భాయ్ రాసిన 2 లేదా 3. ఆ పెన్సిల్ గీతలు చెరపకూడదని నిర్ణయం. "దెబ్బలు" గడిలో కాకుండా "ధర" గడిలోనే ఎక్కిస్తున్నాను.

జూన్ 22, ఆదివారం

చెయ్యకూడని పని చేశాను.

ఫ్లాష్ అనే సూపర్‌హీరో పత్రిక 163వ సంచిక, 1966 ఆగస్టు. ఈ మొత్తం కలెక్షన్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన అట్ట. కార్మైన్ ఇన్‌ఫాంటినో గీసింది. విలన్ లేడు, ఫైటు లేదు. ఫ్లాష్ మన మొహం మీదికి అరచెయ్యి చాచి "ఆగు! ఈ సంచిక వదిలేసి పోవద్దు, నా ప్రాణం దీని మీదే ఆధారపడి ఉంది!" అంటున్నాడు. బస్సు మెట్టెక్కుతున్నవాణ్ణి చొక్కా పట్టి లాగినట్టుంటుంది. ఆ పత్రికల ఎడిటర్ జూలియస్ ష్వార్జ్ చాలాసార్లు ముందు అట్ట గీయించి, ఆ తర్వాత దానికి తగ్గ కథ రాయించేవాడు. అంటే పెళ్లి పందిరి ముందు, సంబంధం తర్వాత. అది తప్పని నాకెప్పుడూ అనిపించలేదు. వడ్డాది పాపయ్య వేసిన చందమామ ముఖచిత్రం చూసి లోపలికి వెళ్లినవాణ్ణే నేనూ.

ఆ అట్ట పైభాగాన, ఆ రెండేళ్లలో డీసీ వాళ్లు వేసిన నలుపు తెలుపు గళ్ల పట్టీ ఉంటుంది. సరిగ్గా దాని మీద, న్యూజెర్సీలో ఒక పాత సామాన్ల సంతలో అమ్మినాయన అంటించిన ధర స్టిక్కర్. ఇరవై ఏళ్లుగా దాని జోలికి పోలేదు. ఇవాళ హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి మెల్లగా లేపుదామనుకున్నాను. వీడియోల్లో ఎంత సుళువుగా వస్తుందో! మొదటి మూల వచ్చింది. రెండో మూల వచ్చింది. ధైర్యం వచ్చింది. మూడో మూల దగ్గర టప్ మని చిన్న శబ్దం. స్టిక్కర్ వెనక రెండు నల్ల గళ్లు అంటుకుని వచ్చేశాయి.

అరగంట ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఆవిడ టీ తెచ్చి చూసి, "స్కెచ్ పెన్‌తో నలుపు వేసేస్తే సరి" అంది. అలా వేస్తే దాన్ని మరమ్మతు అనరు, మోసం అంటారని వివరించబోయాను. "ఎవరికైనా అమ్ముతున్నావా ఏంటి?" అంది. జవాబు లేదు. అయినా వెయ్యలేదు. స్టిక్కర్ని ఆ రెండు గళ్లతో సహా చిన్న కవర్లో పెట్టి అట్ట వెనకే ఉంచాను. హెయిర్ డ్రయర్ ఈ ప్రాజెక్టులోకి మళ్లీ రాదు.

జూన్ 29, ఆదివారం

రోజంతా వాన. గాలిలో తేమ ఉంటే అట్టలు ఒంపు తిరుగుతున్నాయి కాబట్టి పెద్దగా బయటికి తీయలేదు. సూట్‌కేసులో పైన ఉన్నవి మాత్రం చూశాం.

ఎక్స్‌మెన్ మొదటి సంచిక, 1991 అక్టోబర్, బొమ్మలు జిమ్ లీ. ఒకే కథకి ఐదు అట్టలు. నాలుగింటిని పక్కపక్కన పెడితే ఒకే పెద్ద బొమ్మ, ఐదోదానిలో ఆ బొమ్మంతా మడత విప్పితే వస్తుంది. ఎనభై లక్షల పైచిలుకు కాపీలు వెళ్లి గిన్నిస్ రికార్డుకెక్కింది. అందరూ పిల్లల చదువులకి పనికొస్తుందని దాచుకున్నారు, అందరూ దాచుకోబట్టే ఈరోజుకీ దానికి ధర లేదు. నా దగ్గర మూడు ముక్కలున్నాయి. విలన్ మాగ్నెటో ఉన్న ముక్క లేదు. హీరోలంతా ఖాళీ చాప వైపు చూసి కోపంగా దూకుతున్నారు.

తర్వాత సూపర్‌మ్యాన్ 75. 1992 నవంబర్‌లో అమ్మకానికి వచ్చిన చావు సంచిక. నల్ల ప్లాస్టిక్ సంచిలో సీలు వేసి ఉంటుంది, సంచి మీద రక్తం కారుతున్న ఎస్ గుర్తు. లోపల కామిక్‌తో పాటు చేతికి కట్టుకునే నల్ల పట్టీ, సంతాప వార్త, పోస్టర్, స్టాంపులు ఉంటాయి. అసలు అట్ట మీద సమాధి రాయి. నా కాపీ ఇంకా సీలు తీయనిది.

"మరి దీని అట్ట ఎలా స్కాన్ చేస్తాం?"

"సంచినే చేస్తాం."

"అది ప్లాస్టిక్ కవర్ కదా నాన్నా, అట్ట లోపలుంది."

"తెరిస్తే విలువ పోతుంది."

"ఫ్లాష్ గళ్లు పీకేసినవాడివి నువ్వేనా?"

తెరవలేదు. సంచినే స్కాన్ చేసి "అట్ట గీసినవాళ్లు" గడి ఖాళీగా వదిలాను. వాదనలో ఓడిపోయింది నేనే అని మాత్రం ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

జూలై 6, ఆదివారం

మాగ్నెటో ముక్క దొరుకుతుందేమోనని పొద్దున్నే ఆబిడ్స్ వెళ్లాం. అమ్మాయికి ఇదే మొదటిసారి. మూసిన షాపుల ముందు ఇప్పటికీ పుస్తకాలు పరుస్తున్నారు, కాకపోతే గుట్టల్లో ఎక్కువ గ్రూప్స్ మెటీరియల్, నీట్ గైడ్లు. అమెరికా కామిక్స్ ఉన్నాయా అని ఒకాయన్ని అడిగాను. "అవి ఇప్పుడెక్కడ సార్, మా నాన్న ఉన్నప్పటి మాట. మాంగా ఉంది, కావాలా?" మాంగా అంటే జపాన్ కామిక్స్. అమ్మాయికి కావాలి. మూడు కొంది. నాకు ఏమీ దొరకలేదు.

మధ్యాహ్నం రెండో ట్రంకు అడుగుకి చేరాం. చిట్టచివర ఒక నాన్ డీటెయిల్డ్. మిగతావాటికంటే పల్చగా ఉంది. బ్రౌన్ పేపర్ విప్పబోయి ఆగిపోయాను. దాని మీద స్కెచ్ పెన్నులతో బొమ్మ ఉంది. ఎరుపు నీలం స్పైడర్‌మ్యాన్, ఎదురుగా నల్లటోడు, ఛాతీ మీద పెద్ద తెల్ల సాలీడు. ఇద్దరి కాళ్లూ ఒక పక్కకే తిరిగి ఉన్నాయి. ఆ వయసులో నాకు ఎడమవైపు తిరిగిన కాలు గీయడం వచ్చేది కాదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఇది అట్ట లేకుండానే వచ్చింది. న్యూస్‌స్టాండ్‌లో మిగిలిపోయిన కామిక్‌ని మొత్తంగా వెనక్కి పంపితే రవాణా ఖర్చు దండగని, అట్టనో, పేరున్న పైముక్కనో చింపి పంపి డబ్బు వెనక్కి తీసుకునేవారు. మిగతాది పారెయ్యాలి. పారేసినవాటిలో కొన్ని ఇలా సముద్రాలు దాటి వచ్చేవి. ఆబిడ్స్ భాయ్ అర్ధరూపాయికి ఇచ్చాడు. మొదటి పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో, అట్టలో ఏ భాగం తీసేసి ఉన్నా ఈ పత్రికని అమ్మరాదని అచ్చేసి ఉంది. ఆరో తరగతిలో ఆ లైను చదివి ఉంటే దొంగ సరుకు కొన్నానని నిద్రపోయేవాణ్ణి కాదు.

అదే చీమతలకాయ అక్షరాల్లో సంచిక నంబరూ ఉంది. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 252, మే 1984. నంబరు చూడగానే కుర్చీలో కూర్చుండిపోయాను. స్పైడర్‌మ్యాన్ నల్ల డ్రెస్సుతో ఊరికి తిరిగొచ్చే సంచిక. ఆ నల్ల డ్రెస్సు ఆలోచన మార్వెల్‌కి ఒక పాఠకుడు రాసి పంపింది, 220 డాలర్లిచ్చి కొనుక్కున్నారు. దాని అసలు అట్ట రాన్ ఫ్రెంజ్ పెన్సిల్‌తో గీస్తే క్లాస్ జాన్సన్ ఇంకు చేశాడు, అంటే ఆ గీతల మీద సిరా దిద్దాడు. అదీ పూర్తిగా కొత్తది కాదు. 1962 ఆగస్టులో స్పైడర్‌మ్యాన్ మొదటిసారి కనబడిన అట్ట మీది భంగిమనే, చంకలో మనిషిని పట్టుకుని దారానికి ఊగడాన్ని, నల్ల బట్టల్లో మళ్లీ గీశారు. ఆ మొదటి అట్టకైనా స్టీవ్ డిట్కో వేసిన బొమ్మని పక్కన పెట్టి, జాక్ కిర్బీ చేత మళ్లీ వేయించి, డిట్కో చేతే ఇంకు చేయించారు. అట్టలకి కూడా ఇంటిపేర్లూ గోత్రాలూ ఉంటాయి.

ఫోన్‌లో అసలు అట్ట తీసి నా స్కెచ్ పెన్ బొమ్మ పక్కన పెట్టాం. ఎక్కడా పోలిక లేదు. కథలో ఉన్నది ఒక్కడే, డ్రెస్సు మార్చుకున్నాడంతే. నాకు ఇంగ్లీష్ సరిగ్గా రాక, నల్ల బట్టలవాడు దొంగ అయ్యుంటాడనీ, అసలువాడు వచ్చి వాణ్ణి కొడతాడనీ ఊహించి అట్ట వేసేశాను.

అమ్మాయి చాలాసేపు చూసింది. "నాన్నా, ఇది వెనమ్ కదా. నువ్వు వెనమ్‌తో ఫైట్ వేశావు."

నల్ల డ్రెస్సు స్పైడర్‌మ్యాన్‌ని వదిలేసి ఇంకొకణ్ణి పట్టుకుని, వాడు ఎదురుతిరిగి వెనమ్‌గా నిలబడింది 300వ సంచికలో, 1988లో. నేను ఈ బొమ్మ వేసేనాటికి అది అచ్చయి రెండేళ్లు. అయినా నాకు తెలియదు, ఆబిడ్స్‌కి ఇంకా రాలేదు.

"అసలు అట్ట కలర్ ప్రింట్ తీసి దీనికి పిన్ చేసేద్దామా?" అంది. ముందు సరేనన్నాను. ప్రింటర్ ఆన్ చేసి కాగితం కూడా పెట్టాక ఆపేశాను. బ్రౌన్ పేపర్లన్నీ తీసేయాలన్న రూలుకి ఇదొక్కటే మినహాయింపు. మధ్యలో ఆసిడ్ లేని పల్చటి కాగితం అడ్డం పెట్టి, అమ్మ వేసిన అట్టతోనే కొత్త కవర్లో పెట్టాను. స్కాన్‌లో ఎరుపు బాగానే వచ్చింది, నీలం వెలిసిపోయి ఊదా అయింది.

అమ్మాయి ఎక్సెల్‌లో కొట్టుకుంటూ పోతోంది. 252, మే 1984, 60 సెంట్లు, ఆబిడ్స్, అర్ధరూపాయి. "అట్ట గీసినవాళ్లు" దగ్గర ఆగి నా వైపు చూసింది. ఫ్రెంజ్ అని వెయ్యమన్నాను. అది నా పేరు కొట్టింది, పక్కనే "6-బి" అని కూడా. "దెబ్బలు" గడిలో: కాళ్లు రెండూ ఒకే వైపు.

ఇంకా స్కాన్ చెయ్యాల్సినవి 241.